నెయ్యి మంచిదా చెడ్డదా అంటే అది సగం ప్రశ్నే

కోవూరులో మా పెదనాన్న వాళ్లింట్లో పోయినేడాది నెయ్యి గిన్నె అటకెక్కింది. ఆయనకి అరవై రెండేళ్లు. రైసు మిల్లులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి మానేసిన మనిషి, ఇప్పుడు పనల్లా పొద్దున పేపరు, సాయంత్రం అరుగు. రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది) 148 అని వచ్చింది. నెల్లూరు పొగతోటలో చూపిస్తే డాక్టరు గారు నెయ్యి, వేపుళ్లు తగ్గించమన్నారు. ఆ "తగ్గించమన్నారు" కాస్తా పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు చేరేసరికి "మానెయ్యమన్నారు" అయింది.

అప్పట్నించి ఆ ఇంట్లో మూడు పార్టీలు. పెద్దమ్మ మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాలు ఏళ్ల తరబడి టీవీలో వింటున్న మనిషి, ఉప్పూ నూనే లేకుండా కూర వండొచ్చని నమ్మడమే కాదు, వండి పెట్టి అందర్నీ ఏడిపించింది కూడా. వాళ్లబ్బాయి, అంటే మా అన్నయ్య, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ మన రాష్ట్రాలని ఊపేసినప్పుడు బెంగళూరులో కూర్చుని కొబ్బరినూనె గ్లాసులో పోసుకుని తాగి పన్నెండు కిలోలు తగ్గాడు (తర్వాత తొమ్మిది తిరిగొచ్చాయి, ఆ కథ వేరే). వాడు ఫోను చేసినప్పుడల్లా "నాన్నా, నెయ్యి తిను, అన్నం మానెయ్" అంటాడు. పెదనాన్నది మూడో పార్టీ: "మా నాయన గిన్నెడు నెయ్యి తాగి తొంభై ఏళ్లు బతికాడు, ఇదంతా ఏంది?"

ఈ ముగ్గురిలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు, తమాషా ఏంటంటే ప్రపంచంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూడా దాదాపు ఈ మూడు పార్టీలుగానే చీలి డెబ్బై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. ఆ గొడవ ఎక్కడ మొదలైంది, ఎందుకు తెగడం లేదు అనేది మెల్లగా విప్పుకుంటూ పోదాం.

సంతృప్త కొవ్వు అంటే ఏంటి

కొవ్వు అణువుని కార్బన్లు వరసగా చేతులు పట్టుకుని నిలబడ్డ గొలుసు అనుకోండి. ఒక్కో కార్బన్‌కి నాలుగు చేతులు. రెండు చేతులతో అటూ ఇటూ ఉన్న కార్బన్లని పట్టుకుంటుంది, మిగతా రెండింటితో హైడ్రోజన్లని. గొలుసు మొత్తంలో ఇలా అన్ని చేతులూ నిండిపోయి, ఇంకో హైడ్రోజన్‌కి చోటు లేకపోతే అది సంతృప్త కొవ్వు. ఎక్కడైనా హైడ్రోజన్లు తక్కువై, పక్కపక్క కార్బన్లు ఒకదాన్నొకటి రెండేసి చేతులతో పట్టుకుంటే ఆ చోట గొలుసు వంగుతుంది, అది అసంతృప్త కొవ్వు. ఒక్క చోట వంగితే ఏక అసంతృప్తం అంటారు, రెండు మూడు చోట్ల వంగితే బహు అసంతృప్తం.

వంగితే ఏమవుతుంది? మన సముద్రం పక్క ఊళ్లలో సరుగుడు బాదులు లారీకి ఎత్తడం చూసుంటారు. నిటారుగా ఉంటాయి కాబట్టి ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు సర్దుకుంటాయి. అదే లారీలో తుమ్మకంప వేసి చూడండి, ఎంత తొక్కినా సందులే. సంతృప్త కొవ్వు సరుగుడు బాదు, అసంతృప్త కొవ్వు తుమ్మకంప. అందుకే నెయ్యి గిన్నెలో పేరుకుంటుంది, చలికాలం కొబ్బరినూనె సీసాలో గడ్డకడుతుంది, పొద్దుతిరుగుడు నూనె మాత్రం జనవరిలో కూడా జారుతూనే ఉంటుంది.

ఇక్కడే చాలామంది తడబడేది ఒకటుంది. ఏ నూనే పూర్తిగా ఒక రకం కాదు, అన్నిట్లో అన్నీ కలిసే ఉంటాయి, పాళ్లే తేడా. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు దాదాపు 90 శాతం. నెయ్యిలో 60 నుంచి 65. పామాయిల్లో 45 దాకా. శనగనూనె, తవుడు నూనె 20 శాతానికి అటూ ఇటూ, నువ్వులనూనె 15 దగ్గర, పొద్దుతిరుగుడు 11 దగ్గర. గానుగలో ఆడించినా ఫ్యాక్టరీలో శుద్ధి చేసినా ఈ పాళ్లు మారవు. గానుగ నూనెలో వాసన, రుచి, కొన్ని సూక్ష్మ పదార్థాలు మిగులుతాయి, నిజమే, కానీ గానుగ కొబ్బరినూనె కూడా 90 శాతం సంతృప్తమే.

మూడో రకం ఒకటుంది, దాని మీద ఎవరికీ గొడవ లేదు. తుమ్మకంపని బలవంతంగా వంపు తీసి సరుగుడు బాదులా చెయ్యాలని చూస్తే, అంటే చవక నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టిస్తే, సగం సగం జరిగిన చోట ట్రాన్స్ కొవ్వు పుడుతుంది. మనం డాల్డా అని పిలిచే వనస్పతి అలా వచ్చిందే. ఇది చెడు కొలెస్ట్రాల్‌ని పెంచి మంచిదాన్ని తగ్గిస్తుంది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దీని హద్దు 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తెచ్చారు. నెయ్యిని సమర్థించేవాళ్లూ తిట్టేవాళ్లూ కలిసి కూర్చుని తిట్టే వస్తువు ఇదొక్కటే.

"కొలెస్ట్రాల్ లేదు" అన్న ప్యాకెట్టు, రొయ్యల కూర

కృష్ణపట్నం రేవుకి ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో ముడి పామాయిల్ వస్తుంది, పక్కనే పంటపాళెంలో రిఫైనరీలు ఉన్నాయి. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి, మన జిల్లా గడప తొక్కకుండా చాలా ఊళ్లలో బజ్జీ వేగదని చెప్పుకోవచ్చు. అలాంటి పామాయిల్ ప్యాకెట్టు మీద కూడా "కొలెస్ట్రాల్ లేదు" అని రాయొచ్చు. అబద్ధం కాదు. ఏ మొక్క నుంచి తీసిన నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, అది జంతువుల ఒంట్లో తయారయ్యేది. కానీ ఆ మాట చదివి గుండెకి భయం లేదనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే రక్తంలో ఎల్‌డీఎల్‌ని పెంచడంలో తిండిలోని కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వుదే పెద్ద చెయ్యి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే కాలేయం రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాక్కునే గ్రాహకాలని తగ్గించేస్తుంది, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ మన రొయ్య. వంద గ్రాముల రొయ్యల్లో 150 మిల్లీగ్రాములకి పైనే కొలెస్ట్రాల్ ఉంటుంది, సంతృప్త కొవ్వు మాత్రం అర గ్రాము కూడా ఉండదు. రొయ్యల చెరువుల మధ్య బతుకుతూ కొలెస్ట్రాల్ భయంతో రొయ్య ముట్టనివాళ్లు నాకు తెలుసు, వాళ్లే సాయంత్రం పామాయిల్లో వేగిన మురుకులు డబ్బాలోంచి తీసి తింటారు. గుడ్డు సంగతీ దాదాపు ఇంతే, ఒక గుడ్డులో సంతృప్త కొవ్వు గ్రామున్నర. అమెరికా వాళ్లు రోజుకి 300 మిల్లీగ్రాములకి మించి కొలెస్ట్రాల్ తినొద్దని దశాబ్దాల పాటు చెప్పి, 2015 మార్గదర్శకాల్లో ఆ అంకెని తీసేశారు. "చూశారా, మాట మార్చారు" అని వాట్సాప్‌లో తిరిగింది. నిజమే, కొలెస్ట్రాల్ మీద అంకె తీసేశారు, సంతృప్త కొవ్వు మీద హద్దుని మాత్రం అలాగే ఉంచారు. ఆ రెండో సగం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

ఒక రోజు లెక్క: దొంగ ఎక్కడున్నాడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో మళ్లీ చెప్పిన హద్దు ఏంటంటే, రోజు మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం దాటకూడదు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి అందులో 10 శాతం 200. కొవ్వు గ్రాముకి 9 కేలరీలు కాబట్టి 22 గ్రాములు.

ఇప్పుడు పెదనాన్న పాత రోజు ఒకటి తీసుకుందాం, నెయ్యి గిన్నె ఇంకా కింద ఉన్నప్పటిది. మధ్యాహ్నం పప్పులోకి ఒక చెంచా, రాత్రి ఒక చెంచా, మొత్తం పది గ్రాముల నెయ్యి. అందులో సంతృప్తం 6 గ్రాములు. కూరలకి, తాలింపుకి మనిషి వాటా 25 గ్రాముల శనగనూనె, అందులో ఒక నాలుగున్నర. ఇక కాఫీలు రెండు, పెరుగు, పడుకోబోయే ముందు అరగ్లాసు పాలు, అన్నీ కలిపి 300 మిల్లీలీటర్లు. వాళ్లింటికొచ్చేది గేదె పాలు, వెన్నశాతం ఆరు తగ్గదు. అంటే 18 గ్రాముల వెన్న, అందులో సంతృప్తం 11, 12 మధ్య. అన్నీ కూడితే 22.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. నేరం మోపి అటకెక్కించిన నెయ్యి వాటా ఆరు, ఎవరూ కన్నెత్తి చూడని పాల వాటా దానికి రెట్టింపు. అదీ కాక ఇంట్లో తిండితో రోజు హద్దు దగ్గరే ఆగింది. దాన్ని దాటించేది బయటి తిండి. ఒక నెయ్యి కారం దోశ మీద హోటలాయన చేతివాటాన్ని బట్టి ఇరవై గ్రాముల నెయ్యి పడిందనుకుంటే 12 గ్రాములు. రెండు దోశలు తింటే ఆ రోజు కోటా టిఫినుతోనే అయిపోయింది. బండి మీద మిరపకాయ బజ్జీలు ఒక ప్లేటు పదిహేను గ్రాముల పామాయిల్ పీల్చాయనుకుంటే ఇంకో ఆరేడు. మలై కాజా జోలికి నేను వెళ్లను, నెల్లూరువాణ్ణి, కొన్ని లెక్కలు వెయ్యకపోవడమే మంచిది.

కొవ్వుకీ గుండెకీ ముడి వేసిన మనిషి

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి గుండెపోటు వచ్చింది. అప్పటికే ఆ దేశంలో నడివయసు మగాళ్లు గుండెపోటుతో పోవడం పెద్ద భయంగా ఉంది, ఇప్పుడు అధ్యక్షుడికే వచ్చేసరికి కారణం కావాలి అందరికీ. మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త దగ్గర ఒక జవాబు ఉంది. 1953లోనే ఆయన ఆరు దేశాల అంకెలతో ఒక గీత గీశాడు: కొవ్వు ఎక్కువ తినే దేశాల్లో గుండె చావులు ఎక్కువ, జపానులో రెండూ తక్కువ. 1957లో ఇద్దరు పరిశోధకులు, అంకెలు 22 దేశాలకి ఉన్నాయి కదా, ఆరే ఎందుకు తీసుకున్నావని నిలదీశారు. మొత్తం 22 పెడితే ముడి పూర్తిగా పోలేదు గానీ బాగా వదులైంది.

తర్వాత కీస్ 1958లో ఇంకో పెద్ద పని మొదలుపెట్టాడు. ఏడు దేశాలు, పన్నెండు వేలకు పైగా మగాళ్లు, ఏళ్ల తరబడి వాళ్ల తిండి, రక్తం, చావులు రాసుకుంటూ పోవడం. "కీస్ 22 దేశాల్లో తనకి నచ్చిన ఏడు ఏరుకున్నాడు" అని యూట్యూబ్‌లో తరచూ వినబడే మాట ఈ రెండు పనుల్నీ కలగలిపేసి పుట్టిందే. ఆరు దేశాల గీత వేరు, ఏడు దేశాల అధ్యయనం వేరు. రెండోదాంట్లోనూ దేశాల్ని చీటీ వేసి ఎంచుకోలేదు, ఆ విమర్శ న్యాయమైనదే.

అందులో బయటపడ్డ ముఖ్యమైన సంగతి మాత్రం ఎందుకో ఎవరూ పెద్దగా చెప్పుకోరు. గ్రీసు దేశపు క్రీట్ దీవిలో జనం తినే కేలరీల్లో 40 శాతం దాకా కొవ్వు నుంచే వచ్చేది, అయినా అక్కడ గుండెపోట్లు చాలా తక్కువ. వాళ్లది ఆలివ్ నూనె. ఫిన్లాండ్ తూర్పు భాగంలో వెన్న, మీగడ పాలు, అక్కడ గుండెపోట్లు అందరికంటే ఎక్కువ. కొవ్వు ఎంత అనే దానికంటే ఏ కొవ్వు అనేది ముఖ్యమని కీస్ మాట అక్కడ మారింది. ఆ ఫిన్లాండ్‌లోనే 1972లో నార్త్ కరేలియా అనే ప్రాంతంలో ఊళ్లకి ఊళ్లని కదిలించి వెన్న, ఉప్పు, సిగరెట్లు తగ్గించే కార్యక్రమం పెట్టారు, నలభై ఏళ్లలో పనిచేసే వయసు మగాళ్లలో గుండె చావులు 80 శాతానికి పైగా పడిపోయాయి. వెన్న వల్లే అంత తగ్గిందా అంటే చెప్పలేం, సిగరెట్లు కూడా తగ్గాయి కదా. ఈ మొత్తం గొడవకి ఇదే తలనొప్పి, మనుషులు ఒక్కసారి ఒక్కటే మార్చుకోరు.

నేలమాళిగలో దొరికిన పెట్టెలు

ఒక్కటే మార్చి చూడాలంటే ప్రయోగం చెయ్యాలి. మిన్నెసోటాలోనే 1968లో ఇవాన్ ఫ్రాంట్జ్ అనే శాస్త్రవేత్త కీస్‌తో కలిసి చేశాడు. ప్రభుత్వ మానసిక ఆస్పత్రులు, ఒక వృద్ధాశ్రమం, మొత్తం తొమ్మిది వేలకు పైగా మంది. సగం మందికి మామూలు తిండి, సగం మందికి అందులో సంతృప్త కొవ్వు తీసేసి మొక్కజొన్న నూనె. వంటిల్లు ఆస్పత్రిదే కాబట్టి దొంగతిండికి ఆస్కారం తక్కువ.

ఫలితాలు చాలా ఏళ్లు పూర్తిగా బయటికి రాలేదు. ఫ్రాంట్జ్ పోయాక క్రిస్టఫర్ రామ్స్‌డెన్ అనే పరిశోధకుడు ఆయన కొడుకుని సంప్రదిస్తే, ఇంటి నేలమాళిగలో పాత కంప్యూటర్ టేపులు, కాగితాల పెట్టెలు దొరికాయి. వాటిని విప్పి లెక్కగట్టి 2016లో వేశారు. మొక్కజొన్న నూనె తిన్నవాళ్ల కొలెస్ట్రాల్ 14 శాతం దాకా తగ్గింది. చావులు మాత్రం తగ్గలేదు. అరవై అయిదు దాటినవాళ్లలో, కొలెస్ట్రాల్ ఎక్కువ తగ్గినవాళ్లే ఎక్కువ పోయినట్టు కనబడింది.

మా అన్నయ్య పార్టీకి ఇది బ్రహ్మాస్త్రం. అవతలివాళ్ల జవాబు కూడా వినాలి. ఆ రోగుల్లో చాలామంది ఏడాది కూడా ఆ తిండి మీద లేరు, మధ్యలోనే డిశ్చార్జి అయి వెళ్లిపోయారు. రక్తనాళంలో కొవ్వు పేరుకోవడం ఇరవై ముప్పై ఏళ్ల పని, ఏడాదిలో తేలేది తక్కువ. పైగా ఆ రోజుల్లో వెన్న బదులు వాడిన మార్జరీన్లలో ట్రాన్స్ కొవ్వు ఉండి ఉండొచ్చు. నాకైతే ఈ ప్రయోగం సంతృప్త కొవ్వుని నిర్దోషి అని తేల్చినట్టు అనిపించదు, కానీ "కొలెస్ట్రాల్ తగ్గితే చాలు, అంతా సర్దుకుంటుంది" అన్న ధీమాకి మాత్రం గండి కొట్టింది.

బదులు ఏం తిన్నారు?

అసలు ముడి ఇక్కడుంది. 2010లో, మళ్లీ 2014లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టిన పరిశోధకులు సంతృప్త కొవ్వుకీ గుండెజబ్బుకీ స్పష్టమైన లంకె కనబడలేదన్నారు. ప్రపంచమంతా పత్రికలు వెన్న తిరిగొచ్చిందని రాశాయి. ఆ తర్వాతే, 2020లో, కోక్రేన్ సంస్థ వాళ్లు కనీసం రెండేళ్లు నడిచిన 15 ప్రయోగాలు, యాభై వేలకు పైగా మనుషులని కలిపి చూసి, సంతృప్త కొవ్వు తగ్గిస్తే గుండెపోట్లు, పక్షవాతాలు లాంటివన్నీ కలిపి సుమారు 17 శాతం తగ్గుతున్నాయన్నారు. చావుల మీద మాత్రం పెద్ద తేడా కనబడలేదన్నారు.

రెండూ ఎలా నిజమవుతాయి? మనిషి పొట్ట ఖాళీగా ఉండదు. వెన్న మానేసినవాడు ఆ కేలరీలు ఇంకెక్కడో పూడ్చుకుంటాడు. అమెరికాలో 1980ల తర్వాత జనం వెన్న తగ్గించి, "కొవ్వు లేదు" అని రాసున్న బిస్కెట్లు, చక్కెర వేసిన పెరుగు డబ్బాలు తిన్నారు. వెన్న తినేవాళ్లని వీళ్లతో పోలిస్తే తేడా ఏం కనబడుతుంది? సిగరెట్టు మానేసి బీడీ పట్టినవాడి ఊపిరితిత్తులు చూసి, సిగరెట్టు వల్ల నష్టం లేదని తేల్చడం లాంటిది అది.

2015లో హార్వర్డ్ వాళ్లు అమెరికా నర్సులు, ఇతర ఆరోగ్య ఉద్యోగుల మీద దశాబ్దాల అంకెలతో ఈ "బదులు" లెక్కనే వేశారు. రోజు మొత్తం కేలరీల్లో 5 శాతం మేర సంతృప్త కొవ్వుని బహు అసంతృప్త కొవ్వుతో మారిస్తే గుండెజబ్బు ముప్పు 25 శాతం తక్కువ, ఏక అసంతృప్తంతో మారిస్తే 15 శాతం, పొట్టు తియ్యని ధాన్యంతో మారిస్తే 9 శాతం. మైదా, చక్కెరలతో మారిస్తే? ఏ లాభమూ లేదు. ఇది కూడా ప్రయోగం కాదు, జనం తిన్నామని చెప్పిన దాని మీద ఆధారపడ్డ లెక్క, కాబట్టి ఆ అంకెల్ని రాతి మీద చెక్కక్కర్లేదు. కానీ విడివిడిగా పొంతన లేకుండా కనబడే ఫలితాలన్నీ ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలావరకు ఒక వరసలోకి వస్తాయి.

మన కంచం దగ్గరికి వస్తే

నెయ్యి మానేసిన ఎనిమిది నెలలకి పెదనాన్న మళ్లీ పరీక్ష చేయించుకున్నారు. ఎల్‌డీఎల్ 148 నుంచి 139కి దిగింది. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు, 190 నుంచి 262కి ఎక్కాయి. "నెయ్యి చుక్క ముట్టకపోయినా కొవ్వెట్లా పెరిగిందబ్బయ్యా" అని రిపోర్టు నా చేతిలో పెట్టారు.

నేను ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని చూశాను. పప్పులో నెయ్యి లేకపోయేసరికి ముద్ద దిగడం లేదు, దిగడానికి గోంగూర పచ్చడి, పచ్చడి కారానికి ఇంకో గరిటె అన్నం, ఆ పైన చారుకి ఇంకో గరిటె. సాయంత్రం నాలుగింటికి ఆకలేసి బిస్కెట్లు, ఎందుకంటే వాటిలో నెయ్యి లేదు కదా. మూడు చెంచాల నెయ్యి అంటే 135 కేలరీలు, వండిన అన్నం వంద గ్రాములు కూడా దాదాపు అంతే. ఆయన వదిలింది రెండు చెంచాలు, ఎక్కించింది అంతకంటే ఎక్కువ. కండలు కరిగే పనేం లేని ఒంట్లో మిగిలిన పిండి పదార్థాన్ని కాలేయం ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. కంచంలో కొవ్వు లేకపోయినా ఒంట్లో కొవ్వు తయారవుతుందనే మాట మనకి వింతగా ఉంటుంది గానీ, కాలేయానికి అది రోజూ చేసే పని.

ఆయన ఒక్కరి సంగతే కాదిది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల దేశవ్యాప్త అధ్యయనంలో మనవాళ్ల కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని తేలింది, అందులో ఎక్కువ తెల్లన్నం, మైదా లాంటివి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాల వాటా 45 శాతానికి తేవాలంది. మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని బతికే జిల్లాలో ఈ మాట నోరు తెరిచి అనడం కొంచెం కష్టమే.

అన్నయ్య చూపించే ఇంకో అధ్యయనం ఇక్కడికి పనికొస్తుంది. కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ సలీం యూసఫ్ బృందం మన దేశంతో సహా 18 దేశాల్లో లక్షా ముప్పై అయిదు వేల మందిని చూసి 2017లో చెప్పింది ఏంటంటే, పిండి పదార్థాలు బాగా ఎక్కువ తినేవాళ్లలో చావులు ఎక్కువ, కొవ్వు ఎక్కువ తినేవాళ్లలో, సంతృప్త కొవ్వుతో సహా, తక్కువ. అన్నయ్యకి ఇది పండగ. కానీ పేద దేశాల్లో కేలరీల్లో ముప్పాతిక వంతు అన్నం నుంచో జొన్న నుంచో తినేది ఎవరు? పాలు, మాంసం కొనలేనివాళ్లు, ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లేవాళ్లు. పరిశోధకులు ఆదాయం, చదువు లెక్కలోంచి తీసేయడానికి ప్రయత్నించారు గానీ పేదరికాన్ని అంకెల్లోంచి పూర్తిగా కడిగెయ్యడం కుదరదని విమర్శకులు అంటారు. ఆ విమర్శ బలమైనదే. అలాగని అన్నం వాటా తగ్గాలన్న మాట దానితో పడిపోదు, అది వేరే దారుల్లోనూ వస్తోంది.

ఇంకా తెగని ముడులు

ఎల్‌డీఎల్ విషయంలో మాత్రం సందేహానికి చోటు తక్కువ. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని లాగేసే గ్రాహకాన్ని కనిపెట్టినందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకి 1985లో నోబెల్ వచ్చింది. ఆ గ్రాహకం పుట్టుకతోనే సరిగ్గా లేని పిల్లలకి, ఏమీ తినకముందే ఎల్‌డీఎల్ ఆకాశంలో ఉంటుంది, తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం వస్తే చిన్నతనంలోనే గుండెపోట్లు వస్తాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో ఎల్‌డీఎల్‌ని దించితే గుండెపోట్లు తగ్గుతాయి. జన్యువులు, మందులు, జనాభా అధ్యయనాలు మూడూ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు "ఎల్‌డీఎల్ వల్ల ఏమీ కాదు" అనేవాళ్ల మాట నాకు ఎక్కదు.

కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌తో పాటు హెచ్‌డీఎల్‌ని, అంటే మంచి కొలెస్ట్రాల్ అనేదాన్ని కూడా పెంచుతుంది, కాబట్టి సరిసమానం అని ఒక వాదన. వినడానికి బాగుంటుంది. కానీ హెచ్‌డీఎల్‌ని పెంచే మందులు తయారుచేసి చూస్తే, అంకె పెరిగింది గానీ గుండెపోట్లు అనుకున్నట్టు తగ్గలేదు. కాబట్టి హెచ్‌డీఎల్ పెరగడం అనేది జమ ఖాతాలో రాసుకోదగ్గదా అన్నదే ఇప్పుడు అనుమానం.

పాల సంగతి ఇంకా చిత్రం. అంతే సంతృప్త కొవ్వుని వెన్నగా తింటే ఎల్‌డీఎల్ పెరిగినంతగా జున్నులా గడ్డకట్టే చీజ్‌గా తింటే పెరగదని ప్రయోగాల్లో కనబడింది. పెరుగు తినేవాళ్లలో గుండెజబ్బు ఎక్కువ అని చెప్పే గట్టి ఆధారం లేదు. పాలలో కొవ్వు ఒంటరిగా రాదు, మాంసకృత్తులు, కాల్షియం, పొరలు అన్నీ చుట్టుకుని వస్తాయి, ఆ కట్టడమే తేడా తెస్తోందని ఒక ఆలోచన. అంటే పైన నేను వేసిన లెక్కలో 11 గ్రాముల పాల వాటా, 6 గ్రాముల నెయ్యి వాటా ఒకే కాటాలో తూచదగ్గవేనా అన్నది కూడా ప్రశ్నే. పెద్దమ్మకి ఈ మాట చెప్పలేదు, చెబితే ఆ కాగితం చించేస్తుంది.

ఇక మా తాత గిన్నెడు నెయ్యి సంగతి. ఆయన తెల్లారగట్ట పొలానికి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు, గిన్నెడు నెయ్యి ఉండేది కూడా సంక్రాంతికో పెళ్లికో. అలా తిని యాభైకే పోయినవాళ్లు ఆ ఊళ్లో ఉండే ఉంటారు, కానీ వాళ్ల మనవలు అరుగు మీద వాళ్ల గురించి చెప్పుకోరు. మనిషికీ మనిషికీ తేడా కూడా ఉంది, ఒకే తిండికి ఒకరి ఎల్‌డీఎల్ పది పెరిగితే ఇంకొకరిది యాభై పెరుగుతుంది. పిండి పదార్థాలు దాదాపు మానేసి కొవ్వుల మీద బతికే డైట్లలో కొందరి ఎల్‌డీఎల్ ఒక్కసారిగా ఎగిరిపోవడం డాక్టర్లు చూస్తున్నదే. అన్నయ్యది ఎంతుందో నాలుగుసార్లు అడిగాను, చేయించుకుంటాలే అంటున్నాడు.

పోయిన నెల కోవూరు వెళ్తే నెయ్యి గిన్నె అటక దిగి ఉంది. పక్కన దగ్గుమందు సీసాతో వచ్చిన ప్లాస్టిక్ స్పూను, అయిదు మిల్లీలీటర్ల గీత ఉన్నది. పెద్దమ్మ ఆ గీత దగ్గరికి నెయ్యి పోసి, పప్పులో ఒంపి, పెదనాన్న చెయ్యి అన్నం గిన్నె వైపు వెళ్లేలోగా మూత పెట్టేసింది. కంచంలో సగం చిక్కుడుకాయ కూర. పెదనాన్న స్పూనుని గిన్నె అంచుకి రెండుసార్లు కొట్టి, అడుగున అంటుకున్నది కూడా రాలిందో లేదో చూసుకుంటున్నారు.